ఆహార లభ్యత - జంతువుల వికాసంపై జన్యు నియంత్రణ

ఒక జంతువు అండం నుండి ప్రౌఢదశకు ఎదిగే క్రమాన్ని దాని జన్యువులు నిర్దేశిస్తాయి. అయితే ఏ జన్యువు ఎప్పుడు పని చేయాలి, ఎంత పని చేయాలి అన్నది జన్యువులు తమంతట తాము తేల్చుకొనే విషయం కాదు. ఆ జంతువుకు దొరికే ఆహారం ఎంత, ఏ రకం, ఏ వయసులో దొరికింది అన్నవి కూడా ఈ నిర్ణయంలో పాలుపంచుకొంటాయి. ఒకే జన్యుసంపద గల రెండు జీవులు ఆహారభేదం వలన పరిమాణంలోనే కాక ఆకారంలో, ఆయుర్దాయంలో, సంతానోత్పత్తి శక్తిలో కూడా వేరు వేరుగా తయారు కావచ్చు. దీనికి లోకప్రసిద్ధమైన ఉదాహరణ తేనెటీగ. ఈ వ్యాసంలో తేనెటీగను ప్రధానంగా తీసుకొని, పట్టుపురుగు, సూత్రపురుగు, పేడపురుగు, కప్ప, ఎలుక, మనిషి విషయంలో తెలిసిన అంశాలను వివరించటం జరిగింది.

నేపథ్యం

జంతువు శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. అయినా కాలేయకణం కాలేయకణంగానూ, నాడీకణం నాడీకణంగానూ ఉండటానికి కారణం ఒక్కొక్క కణంలో కొన్ని జన్యువులు మాత్రమే తెరుచుకొని పని చేయటం, మిగిలినవి మూసుకొని ఉండటం. జన్యువు పని చేసి తన ప్రోటీనును తయారు చేయించటాన్ని జన్యు వ్యక్తీకరణ అంటారు. ఇంట్లో అన్ని గదులకూ కరెంటు తీగ ఉన్నా, మీట నొక్కిన గదిలోనే దీపం వెలగటం వంటిదే ఇది.

ఈ మీటలను ఆహారం కదిలించగలదని మొదట తేలింది జంతువులలో కాదు, బాక్టీరియాలో. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో పేగులలో నివసించే ఇ. కోలి అనే బాక్టీరియాపై పరిశోధించి, పాలలోని చక్కెర అయిన లాక్టోజు దొరికినపుడే దానిని జీర్ణించుకొనే ఎంజైముల జన్యువులు తెరుచుకొంటాయని 1961లో వివరించారు. వారికి ఆంద్రే ల్వోఫ్‌తో కలిపి 1965లో నోబెల్ బహుమతి వచ్చింది. బాక్టీరియాకు ఇది పూటపూటకూ మారే సర్దుబాటు. చక్కెర అయిపోగానే మీట మూసుకొంటుంది. జంతువుల వికాసంలో జరిగేది ఇంతకంటె లోతైనది. పసితనంలో ఒకసారి పడిన మీట జీవితాంతం అలాగే ఉండిపోవచ్చు.

ఒకే జన్యురూపం నుండి పరిసరాలను బట్టి రెండు మూడు స్పష్టమైన దృశ్యరూపాలు రావటాన్ని బహురూపత అంటారు.

అహోబిలం కొండల తేనెటీగలు

ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో నల్లమల కొండల నడుమ అహోబిలం క్షేత్రం ఉన్నది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. నవ నరసింహ ఆలయాలకు నెలవైన ఈ కొండలు చెంచుల నివాసభూములు. నరసింహస్వామి చెంచులక్ష్మిని వివాహమాడిన కథ ఇక్కడిదే. అందుచేత చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. నల్లమల చెంచుల జీవనాధారాలలో తేనె సేకరణ ముఖ్యమైనది. వారు సేకరించిన తేనెను గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తుంది.

నల్లమల వంటి అడవులలో నిటారుగా ఉండే కొండచరియలకు, ఎత్తయిన చెట్ల కొమ్మలకు వ్రేలాడే పెద్ద పెద్ద పట్లు కొండ తేనెటీగవి. దీని శాస్త్రీయ నామం ఏపిస్ డార్సేటా. దీనిని పెట్టెలలో పెంచటం సాధ్యం కాదు. పువ్వుల కాలాన్ని అనుసరించి గుంపు గుంపంతా ఒక చోటి నుండి మరొక చోటికి వలస పోతుంది. చరియ అంచు నుండి త్రాడు మీద దిగి పట్టు కోయటం ప్రాణాలతో చెలగాటం. పైన త్రాడు పట్టుకొనే పని బావమరిదికి అప్పగిస్తారని, తన తోబుట్టువు పసుపు కుంకుమల మీద అతనికంటె ఎక్కువ శ్రద్ధ ఎవరికి ఉంటుందన్నది వారి ఆలోచన అని చెబుతారు. ఇది గాక చెట్టుతొర్రలలో పట్టు పెట్టే భారతీయ తేనెటీగ, పొదలలో అరచేతి వెడల్పు పట్టు పెట్టే చిన్న తేనెటీగ కూడా మన ప్రాంతంలో కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు ఎక్కువగా పరిశోధించింది మాత్రం పెట్టెలలో పెంచే యూరోపు జాతి తేనెటీగపై. దాని శాస్త్రీయ నామం ఏపిస్ మెల్లిఫెరా. క్రింద ఇచ్చిన అంకెలు ఈ జాతికి సంబంధించినవి.

రాణి, కూలి ఈగలు

పట్టులో ఒక రాణి ఈగ, వేల కొలది కూలి ఈగలు, ఋతువును బట్టి కొన్ని పోతు ఈగలు ఉంటాయి. పోతు ఈగలు ఫలదీకరణం చెందని గుడ్ల నుండి పుడతాయి, కనుక వాటికి తల్లి వైపు జన్యువులు మాత్రమే ఉంటాయి. రాణి, కూలి ఈగలు రెండూ ఆడవే. రెండూ ఫలదీకరణం చెందిన గుడ్ల నుండే పుడతాయి. ఏ గుడ్డూ ఫలానాది రాణి గుడ్డు అని వేరుగా ఉండదు.

అయినా పెరిగిన తరువాత ఈ రెంటికీ పోలికే ఉండదు. రాణి గుడ్డు పెట్టిన 16 రోజులకే రెక్కలతో బయటకు వస్తుంది, కూలి ఈగకు 21 రోజులు పడుతుంది. రాణి అండాశయం ఒక్కొక్కదానిలో నూటయాభైకి పైగా అండనాళికలు ఉంటాయి, కూలి ఈగకు పట్టుమని పన్నెండు కూడా ఉండవు. మంచి కాలంలో రాణి రోజుకు 1500 పైచిలుకు గుడ్లు పెట్టగలదు. కూలి ఈగ సాధారణంగా గొడ్రాలు. దానికి బదులుగా కాళ్ళపై పుప్పొడి బుట్టలు, మైనపు గ్రంథులు, ముళ్ళ కొండి ఉంటాయి. రాణికి పుప్పొడి బుట్టలు లేవు. రాణి రెండు మూడేళ్ళు, కొన్ని సందర్భాలలో ఐదేళ్ళు జీవిస్తుంది. వేసవిలో పనిచేసే కూలి ఈగ ఆయుర్దాయం ఆరు వారాలు మాత్రమే. కొండ తేనెటీగలో ఈ తేడా కంటికి అంతగా ఆనదు. దాని కూలి ఈగలే బాగా పెద్దవి కావటం వలన రాణిని గుంపులో పోల్చుకోవటం కష్టం.

గుడ్డు నుండి వెలువడిన డింభకాలు అన్నింటికీ మొదటి రెండు మూడు రోజులు దాది ఈగలు తమ తలలోని గ్రంథుల నుండి స్రవించే తెల్లని జున్ను వంటి పదార్థాన్ని పెడతాయి. దీనిని రాయల్ జెల్లీ అంటారు. తరువాత కూలి కాబోయే డింభకాలకు ఆహారం మారుతుంది. జెల్లీ పలుచబడి, తేనె, పుప్పొడి కలుస్తాయి. పెట్టే మోతాదు కూడా తగ్గుతుంది. రాణి కాబోయే డింభకాన్ని మాత్రం ప్రత్యేకంగా కట్టిన పెద్ద గదిలో ఉంచి, అది తేలియాడేటంతగా రాయల్ జెల్లీ చివరి వరకు నింపుతారు. రాణి హఠాత్తుగా చనిపోతే కూలి ఈగలు మామూలు గదులలోని మూడు రోజుల లోపు పసి డింభకాలలో కొన్నింటిని ఎంచుకొని, గదిని పెద్దది చేసి, ఈ ఆహారంతో కొత్త రాణిని తయారు చేసుకొంటాయి. మూడు రోజులు దాటితే అది సాధ్యపడదు. తేనెటీగల పెంపకందారులు ఈ మూడు రోజుల లెక్కను ఆధారం చేసుకొనే కృత్రిమంగా రాణులను పెంచుతారు.

డీఎన్ఏపై మిథైల్ గుర్తులు

తేనెటీగ జన్యుపటం 2006లో ప్రకటించబడింది. అందులో ఒక విశేషం బయటపడింది. డీఎన్ఏ అక్షరాలలో ఒకటైన సైటోసిన్ మీద మిథైల్ సమూహం అనే చిన్న రసాయన గుర్తును పెట్టే ఎంజైములు, అంతకు ముందు ఎక్కువగా క్షీరదాలలో అధ్యయనం చేసినవి, తేనెటీగలో కూడా పూర్తిగా ఉన్నాయి. ఈ గుర్తు డీఎన్ఏలోని అక్షరాల వరుసను మార్చదు. పుస్తకంలో అక్షరం చెరపకుండా అంచున పెన్సిలుతో గీత పెట్టటం వంటిది. కాని ఆ గీతను బట్టి కణం ఆ జన్యువును చదివే తీరు మారుతుంది. డీఎన్ఏ వరుస మారకుండా జన్యువుల పనితీరులో వచ్చి, కణవిభజన తరువాత కూడా నిలిచి ఉండే ఇటువంటి మార్పులను గురించి చెప్పే శాస్త్రాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు.

2008లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో రిషార్డ్ మలేష్కా బృందం ఒక చక్కని ప్రయోగం చేసింది. అప్పుడే పుట్టిన డింభకాలలో మిథైల్ గుర్తులు కొత్తగా పెట్టే ఎంజైము తయారు కాకుండా అడ్డుకొన్నారు. ఆ డింభకాలు అన్నీ ఒకే రకమైన ప్రయోగశాల ఆహారంతో పెరిగాయి. పెరిగి బయటకు వచ్చిన వాటిలో నూటికి 72 రాణి లక్షణాలతో, పూర్తిగా ఎదిగిన అండాశయాలతో ఉన్నాయి. అంటే రాయల్ జెల్లీ చేసే పనిని పోలిన ఫలితాన్ని ఈ ఒక్క ఎంజైమును అణచి చాలా వరకు సాధించగలిగారు. 2010లో రాణి, కూలి ఈగల మెదళ్ళను పోల్చినపుడు 550కి పైగా జన్యువులపై మిథైల్ గుర్తులలో తేడాలు కనిపించాయి.

ఇంతకు ముందే, 2007లో, కణంలో పోషకాల స్థాయిని పసిగట్టే టార్ అనే ప్రోటీనును అణచివేస్తే, సమృద్ధిగా రాణి ఆహారం తిన్న డింభకం కూడా కూలి ఈగగానే పెరుగుతుందని తేలింది. ఆహారం ఎదురుగా ఉన్నా, ఉన్నదని కణానికి కబురు అందకపోతే ఫలితం లేదన్నమాట.

గుణమా, పరిమాణమా?

రాయల్ జెల్లీలో రాణిని చేసే పదార్థం ఏది అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. 2011లో జపాను శాస్త్రవేత్త మసాకి కామకురా, జెల్లీలోని ఒక ప్రోటీను ఇందుకు కారణమని ప్రకటించి, దానికి రాయలాక్టిన్ అని పేరు పెట్టాడు. ఈ వార్త పత్రికలలో విరివిగా వచ్చింది. తరువాతి సంవత్సరాలలో జర్మనీ పరిశోధకులు ఆ ప్రోటీను లేని ఆహారంతో కూడా రాణులు పెరిగినట్లు చూపటంతో అది తప్పనిసరి కాదని తేలింది. జెల్లీలోని ఒక కొవ్వు ఆమ్లం జన్యువులను మూసే ఎంజైములను నిరోధిస్తుందని 2011లోనే వేరొక బృందం చెప్పింది. 2015లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం వారు ప్రశ్నను తిరగవేశారు. రాణికి ఏమి పెడుతున్నారు అని కాక, ఏమి పెట్టటం లేదు అని చూశారు. తేనెలో, పుప్పొడిలో ఉండి రాయల్ జెల్లీలో లేని పి-కుమారిక్ ఆమ్లం అండాశయాల పెరుగుదలను తగ్గిస్తుందని గమనించారు. 2020లో వెలువడిన మరొక అధ్యయనంలో ఆహారపు గుణాన్ని, పరిమాణాన్ని విడివిడిగా మార్చి చూడగా, పరిమాణానికే పెద్ద పాత్ర ఉన్నదని, తిన్నంత పెట్టిన డింభకాలు రాణులవైపు మొగ్గాయని తేలింది.

ఈ ఫలితాలు ఒకదానినొకటి పూర్తిగా కొట్టివేసేవి కావని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కూలి ఈగలు రాణికి గుణంలోనూ మోతాదులోనూ భేదం చూపిస్తూనే ఉన్నాయి. ప్రకృతిలో ఆ రెండూ కలిసే వస్తాయి.

పట్టుపురుగు

రాయలసీమలో హిందూపురం, మదనపల్లె, పలమనేరు ప్రాంతాలలో మల్బరీ పట్టుపురుగుల పెంపకం ఉన్నది. ఈ పురుగు పుట్టినప్పటి నుండి గూడు కట్టే లోపు, సుమారు 25 రోజులలో, బరువులో పదివేల రెట్లు పెరుగుతుంది. మధ్యలో నాలుగు సార్లు మేత మాని, కదలక పడుకొని, కుబుసం విడుస్తుంది. రైతులు దీనిని జ్వరం అంటారు. నాలుగవ జ్వరం తరువాత వచ్చే ఐదవ దశలోనే మొత్తం ఆకులో సుమారు 80 శాతం తినేస్తుంది.

ఐదవ దశ మొదట్లోనే ఆకు ఆపివేస్తే పురుగు గూడు కట్టకుండా చనిపోతుంది. కొన్ని రోజులు మేసి ఒక నిర్ణీతమైన బరువు దాటిన తరువాత ఆకు ఆపితే మాత్రం చావదు. ముందుగానే పండి, చంద్రిక ఎక్కి, చిన్న గూడు కడుతుంది. అప్పుడు పట్టు తక్కువ, రైతుకు నష్టం. పురుగు దృష్టిలో చూస్తే అది తెలివైన పనే, ఎందుకంటే ఆకు ఇక దొరకదు గనుక ఉన్నంతలో రెక్కల పురుగుగా మారి గుడ్లు పెట్టటమే మేలు. ఈ హద్దును సంధి బరువు అనవచ్చు. దీని వెనుక ఉన్న హార్మోనుల క్రమాన్ని 1970లలో అమెరికాలో పొగాకు ఆకు తినే ఒక పెద్ద చిమ్మెట గొంగళిపై స్పష్టంగా చూపారు. పురుగు ఈ బరువు దాటగానే రక్తంలో జువెనైల్ హార్మోను, అనగా బాల్యాన్ని నిలిపి ఉంచే హార్మోను, తరిగిపోతుంది. అప్పుడు మెదడు నుండి సంకేతం వెలువడి ఎక్డైసోన్ అనే స్టీరాయిడు హార్మోను విడుదలవుతుంది. ఎక్డైసోన్ కణకేంద్రకంలోకి వెళ్ళి నేరుగా జన్యువుల మీటలు నొక్కుతుంది.

ఎక్డైసోన్‌ను తొలిసారి శుద్ధి చేసింది పట్టుపురుగు నుండే. జర్మనీకి చెందిన బ్యూటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుండి 25 మిల్లీగ్రాముల స్ఫటికాలు రాబట్టి 1954లో ప్రకటించారు. ఇన్సులిన్‌ను పోలిన హార్మోను కీటకాలలో ఉన్నదని తెలియజెప్పినది కూడా పట్టుపురుగే. జపాను శాస్త్రవేత్తలు 1984లో దాని మెదడు నుండి తీసిన బాంబిక్సిన్ నిర్మాణం మనిషి ఇన్సులిన్‌ను పోలి ఉన్నట్లు కనుగొన్నారు. వారు వెదకినది మెదడు నుండి ఎక్డైసోన్‌కు వెళ్ళే సంకేతం కోసం, దొరికినది ఇది! పురుగు మేత మేసినపుడు బాంబిక్సిన్ విడుదల పెరుగుతుంది.

ఆకలిని పసిగట్టే యంత్రాంగం

ఇన్సులిన్ అనగానే మనకు మధుమేహం గుర్తుకు వస్తుంది. నిజానికి ఇన్సులిన్ కుటుంబపు హార్మోనులు జంతుజాతి అంతటా ఉన్న అతి పురాతనమైన ఆహార వార్తాహరులు. పని జరిగే తీరు స్థూలంగా ఇది. ఆహారం సమృద్ధిగా ఉన్నపుడు ఈ హార్మోను విడుదలై కణం ఉపరితలం మీది గ్రాహకాన్ని తాకుతుంది. కణంలోపల సంకేతం ఒకదాని నుండి మరొకదానికి అందుతూ పోయి, ఫాక్సో అనే ప్రోటీనును కేంద్రకం బయటనే ఆపివేస్తుంది. ఆహారం లేనపుడు సంకేతం ఉండదు. ఫాక్సో కేంద్రకంలోకి ప్రవేశించి పెరుగుదలను ఆపే జన్యువులను, ఓర్పునిచ్చే జన్యువులను తెరుస్తుంది. దీనికి తోడు టార్ ప్రోటీను కణంలో అమైనో ఆమ్లాల నిల్వను కనిపెట్టి ఉంటుంది. ఏఎంపీకే అనే మరొక ఎంజైము కణంలో శక్తినిచ్చే ఏటీపీ తరిగినపుడు మేలుకొంటుంది. ఏటీపీని 1929లో వెలికి తీసినవారిలో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఈ యంత్రాంగం బయటపడినది ఒక మిల్లీమీటరు పొడవుండే సూత్రపురుగు వలన. మట్టిలో, కుళ్ళే పండ్లలో బాక్టీరియాను తిని బ్రతికే ఈ పురుగు పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. ఆహారం ఉంటే మూడు రోజులలో పెద్దదై రెండు మూడు వారాలలో చనిపోతుంది. పసితనంలో ఆహారం తరిగి, చుట్టూ గుంపు పెరిగితే డవర్ అనే వేరొక దశలోకి వెళుతుంది. జర్మను భాషలో ఆ మాటకు మన్నిక అని అర్థం. అప్పుడు నోరు మూసుకుపోతుంది, పైతోలు గట్టిపడుతుంది, పెరుగుదల ఆగుతుంది. ఈ స్థితిలో నెలల తరబడి జీవించి, ఆహారం తగలగానే విడిచిన చోట నుండి ఎదగటం మొదలుపెడుతుంది. డాఫ్-2 అనే జన్యువు దెబ్బతింటే ఆహారం ఉన్నా డవర్ దశకు పోతుందని, ఆ జన్యువు స్వల్పంగా దెబ్బతిన్న పురుగులు మామూలు వాటికంటె రెట్టింపు కాలం జీవిస్తాయని 1993లో సింథియా కెన్యన్ బృందం చూపింది. 1997లో డాఫ్-2 అంటే ఇన్సులిన్ గ్రాహకమే అని, డాఫ్-16 అంటే ఫాక్సోయే అని తేలింది.

పేడపురుగు కొమ్ములు

పొలాల్లో పేడ ఉండలు చేసి భూమిలో దాచే పేడపురుగులను పల్లెవాసులందరూ ఎరుగుదురు. వీటిలో ఒంథోఫేగస్ ప్రజాతికి చెందిన కొన్నింటిలో మగ పురుగులకు కొమ్ములు ఉంటాయి. తల్లి ఒక్కొక్క గుడ్డుకు కొంత పేడ కేటాయిస్తుంది. డింభకానికి అదే సర్వస్వం, అయిపోతే మరొకటి దొరకదు. ఎక్కువ పేడ దక్కినవాడు పెద్ద దేహంతో, పొడవైన కొమ్ములతో పుడతాడు. తక్కువ దక్కినవాడికి కొమ్ములు నామమాత్రం. ఒక హద్దు బరువుకు అటు ఇటుగా రెండు రకాల మగవాళ్ళు ఏర్పడతారు, మధ్యస్థులు తక్కువ. 2012లో ఖడ్గమృగపు పురుగు అనే మరొక కొమ్ముల పురుగులో ఇన్సులిన్ గ్రాహకాన్ని అణచినపుడు కొమ్ము బాగా కుదించుకుపోయింది, జననాంగాల పరిమాణంలో మాత్రం మార్పు రాలేదు. ఆహార సంకేతానికి అన్ని అవయవాలూ ఒకే విధంగా చెవి ఒగ్గవని దీనివలన తెలుస్తున్నది.

తోకకప్పలు - అయొడిన్

1912లో గుడెర్నాష్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రపు థైరాయిడు గ్రంథి ముక్కలను తినిపించగా అవి వయసు రాకుండానే బుల్లి కప్పలుగా మారిపోయాయి. థైరాయిడు హార్మోను అణువులో అయొడిన్ ఉంటుంది. అది శరీరంలో తయారయ్యేది కాదు, ఆహారం, నీటి ద్వారానే రావాలి. ఈ హార్మోను లేనపుడు దాని గ్రాహకం డీఎన్ఏ మీదనే కూర్చుని రూపవిక్రియ జన్యువులను మూసి ఉంచుతుంది. హార్మోను వచ్చి తగులుకోగానే అదే గ్రాహకం వాటిని తెరుస్తుంది. తోక కరిగిపోతుంది, కాళ్ళు వస్తాయి. హార్మోను తయారు కాకపోతే తోకకప్ప తోకకప్పగానే పెరుగుతూ పోతుంది. మానవులలో గర్భవతికి అయొడిన్ బాగా కొరవడితే శిశువు మెదడు ఎదగక క్రెటినిజం వస్తుంది.

క్షీరదాలు - ఫోలిక్ ఆమ్లం

డీఎన్ఏ మీద పెట్టే మిథైల్ గుర్తులకు కావలసిన ముడిసరుకు ఆహారం నుండే రావాలి. ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బీ-12, కోలీన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు తోడ్పడతాయి. వీటిలో ఫోలిక్ ఆమ్లం కథలో తెలుగువారికి స్థానం ఉన్నది. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు మిల్లు కార్మిక కుటుంబాల గర్భిణులలో ఒక రకం రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని కనుగొన్నది. అందులోని పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. దానిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసి 1945లో ప్రకటించిన బృందానికి సారథి యల్లాప్రగడ సుబ్బారావు.

2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాటర్లాండ్, జర్టిల్ పసుపు చుంచెలుకలపై చేసిన ప్రయోగం ఈ రంగంలో పాఠ్యపుస్తకాలకు ఎక్కినది. ఈ ఎలుకలలో అగౌటి అనే జన్యువు ఎడతెగక పని చేస్తూ వెంట్రుకలను పసుపు రంగులోకి మారుస్తుంది, స్థూలకాయాన్ని కూడా తెస్తుంది. గర్భం ధరించటానికి ముందు నుండే తల్లి ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం, బీ-12, కోలీన్, బిటేన్ అదనంగా కలిపిన మేత పెట్టారు. అదే జన్యువు ఉన్నా వాటి పిల్లలలో ఎక్కువ భాగం గోధుమరంగు వైపు మొగ్గాయి. కారణం, ఆ జన్యువు పక్కన మిథైల్ గుర్తులు ఎక్కువ పడి అది మూతపడటమే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఎం. రఘునాథ్ బృందం ఎలుకలపై ఇటువంటి ప్రశ్ననే వేరొక దిక్కు నుండి పరిశీలించింది. తల్లి ఎలుకల మేతలో విటమిన్లు తగ్గించినపుడు పిల్లలలో కొవ్వు శాతం పెరిగింది, కాని ఆరు నెలల వయసు వరకు ఇన్సులిన్ నిరోధకత పెరగలేదు అని 2004లో వీరు ప్రకటించారు.

ఫోలిక్ ఆమ్లం మానవ పిండానికి ఎంత అవసరమో 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ప్రకటించిన అధ్యయనం తేల్చింది. అంతకు ముందు వెన్నునాళం మూసుకోని శిశువును కన్న తల్లులు మళ్ళీ గర్భం ధరించే ముందు నుండి ఈ మాత్రలు తీసుకోగా, ఆ లోపం తిరిగి రావటం 72 శాతం తగ్గింది. వెన్నునాళం గర్భం ధరించిన 28 రోజుల లోపే మూసుకోవాలి. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని అప్పటికి ఇంకా తెలియదు. కనుక నెల తప్పిన తరువాత ఆసుపత్రికి వెళ్ళి మాత్రలు తెచ్చుకోవటం ఈ లోపం విషయంలో ఆలస్యం అయినట్లే. మాత్రలు గర్భధారణకు ముందు నుండే వాడాలని వైద్యులు చెప్పటానికి కారణం ఇది.

మానవులు

రెండవ ప్రపంచ యుద్ధంలో 1944-45 శీతాకాలంలో జర్మను సేనలు ఆహార రవాణాను అడ్డుకోవటం వలన నెదర్లాండ్స్ పశ్చిమ భాగంలో ఘోరమైన కరవు ఏర్పడింది. ఆ కరవు కాలంలో తల్లి కడుపున పడినవారిని అరవై ఏళ్ళ తరువాత పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్-2 జన్యువు దగ్గర వారికి మిథైల్ గుర్తులు వారి తోబుట్టువులకంటె తక్కువగా ఉన్నాయి. గర్భం చివరి నెలలలో కరవు తగిలినవారిలో ఈ తేడా లేదు. తేనెటీగకు మూడు రోజుల గడువు ఉన్నట్లే మనిషికి కూడా గడువులు ఉన్నాయి.

ఆకలి వలన జరిగే హానిని కరవులో చూడవచ్చు. అన్నం పెడితే జరిగే మేలును చూడాలంటే ఎవరికైనా పెట్టి, సంవత్సరాల తరబడి వేచి చూడాలి. అటువంటి అరుదైన అధ్యయనం తెలుగునాట జరిగింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలను ఎంచుకొన్నది. వాటిలో 15 గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద అదనపు ఆహారం అందింది. మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా అది. పిల్లలకు తల్లులకంటె తక్కువ మోతాదు. మిగిలిన 14 గ్రామాలకు అప్పటికి ఆ పథకం చేరలేదు. అప్పట్లో కొలిచిన శిశువుల పుట్టుక బరువులో వచ్చిన తేడా స్వల్పమే.

అదే పిల్లలు 13 నుండి 18 ఏళ్ళ వయసుకు వచ్చిన తరువాత, 2003-05 మధ్య, వారిలో 1165 మందిని మళ్ళీ పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ ఉన్నారు. ఇన్సులిన్ నిరోధకత వారిలో 20 శాతం తక్కువ, ధమనుల బిరుసు కూడా తక్కువ. శరీరంలో కొవ్వు శాతం మాత్రం రెండు చోట్లా ఒకటే. తల్లి కడుపులోనూ పసితనంలోనూ తిన్న ఉప్మా పదిహేనేళ్ళ తరువాత ధమనులలో కనిపించిందన్నమాట. అయితే ఇది శరీర లక్షణాలను కొలిచిన అధ్యయనం, జన్యువులపై గుర్తులను కొలిచినది కాదు. గ్రామాలను చీటీలు వేసి ఎంచలేదు కనుక ఇతర కారణాలను పూర్తిగా త్రోసిపుచ్చలేము.

పూణె పరిసర గ్రామాలలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చేసిన అధ్యయనం ఇంకొక కోణాన్ని చూపింది. గర్భంలో ఫోలేట్ ఎక్కువగాను, బీ-12 తక్కువగాను ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ళ వయసులో ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా ఉన్నదని 2008లో వారు ప్రకటించారు. బీ-12 జంతు సంబంధమైన ఆహారంలోనే, అనగా పాలు, గుడ్లు, మాంసం, చేపలలోనే దొరుకుతుంది. శాకాహారం ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. బీ-12 తీసుకొన్నపుడు మనుషులలో మిథైల్ గుర్తులు ఎలా మారుతున్నాయో హైదరాబాదులోని సీసీఎంబీలో గిరిరాజ్ చందక్ బృందం పరిశోధించింది.

కొన్ని అపోహలు

రాయల్ జెల్లీ మాత్రలు తింటే ఆయుర్దాయం పెరుగుతుందని, సంతానం కలుగుతుందని ప్రకటనలు కనిపిస్తుంటాయి. జెల్లీ రాణిని తయారు చేసేది మూడు రోజుల పసి డింభకంలో, అది కూడా తేనెటీగ డింభకంలో. పెరిగిన కూలి ఈగకు ఎంత పెట్టినా అది రాణి కాదు. మనిషి జీర్ణాశయంలో జెల్లీలోని ప్రోటీనులు మిగిలిన ప్రోటీనుల వలెనే విడిపోతాయి. పైగా ఉబ్బసం ఉన్న కొందరికి జెల్లీ వలన తీవ్రమైన ఎలర్జీ వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాలకెక్కాయి.

తల్లి తిన్న తిండి బిడ్డ జన్యువులనే మార్చివేస్తుందని కొందరు వ్రాస్తున్నారు. మారేది జన్యువు కాదు, దాని పని. ఆ మార్పు తరతరాలకు సంక్రమిస్తుందన్నది కూడా తొందరపాటు మాటే. క్షీరదాలలో అండం, శుక్రకణం తయారయ్యేటపుడు ఒకసారి, ఫలదీకరణం తరువాత మరొకసారి మిథైల్ గుర్తులు చాలావరకు చెరిగిపోయి కొత్తగా పడతాయి. పైన చెప్పిన పసుపు చుంచెలుకల జన్యువు వంటి కొద్దిపాటి చోట్ల మాత్రమే తల్లి గుర్తులు కొంత మిగులుతాయి. తేనెటీగలో అయితే ప్రశ్నే లేదు. రాణి పెట్టిన ప్రతి ఆడ గుడ్డు మళ్ళీ మొదటి నుండి మొదలు, కూలి ఈగలు దానికి ఏమి పెడతాయో, ఎంత పెడతాయో అన్నదాని మీదనే ఆధారపడుతుంది.